అలతో పోట్లాడని చుక్కాని

ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి చాలామంది ఊహించే దానికంటే దూరం ప్రయాణిస్తుంది. వ్యాపారంలో బెరైటీస్ అని పిలిచే ఈ రాయి చూడటానికి మామూలుగానే ఉంటుంది కానీ, అంతే పరిమాణంలోని నీటికి నాలుగు రెట్లకు పైగా తూగుతుంది. చమురు బావి తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురదలో దీని పొడి కలుపుతారు. అడుగు నుంచి తన్నుకొచ్చే చమురు, గ్యాస్ ఒత్తిడిని అణచి ఉంచేది ఆ బురద బరువే. లోతు సముద్రంలో ఈ తవ్వకం నౌక మీద నుంచి జరుగుతుంది. కిలోమీటరుకు మించిన లోతులో లంగరు వేసి నౌకను కట్టిపడేయడం కష్టం, ఖర్చు కూడా విపరీతం. అందుకే అలాంటి నౌకలు చాలావరకు లంగరు లేకుండానే నిలుస్తాయి. గాలి తోస్తున్నా, ప్రవాహం లాగుతున్నా బావి నోటికి సూటిగా పైనే ఉండాలి. పక్కకు జరగడానికి ఉన్న వెసులుబాటు నీటి లోతులో కొద్ది శాతం మాత్రమే. అంతకు మించి జరిగితే బావినీ నౌకనూ కలిపే గొట్టానికి ముప్పు.

నౌకను అక్కడ నిలిపి ఉంచేది నియంత్రణ సిద్ధాంతం, అంటే కోరిన స్థితికీ ఉన్న స్థితికీ మధ్య తేడాను కొలిచి యంత్రంతో సరిదిద్దే విద్య. రాయలసీమ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రికల్ విద్యార్థులు ‘కంట్రోల్ సిస్టమ్స్’ పేరుతో చదివే సబ్జెక్టు అదే. అనంతపురంలోనైనా, కర్నూలు, కడపల్లోనైనా ఎక్కువమందికి అది లాప్లాస్ పరివర్తనలు, రూట్ లోకస్ గీతలు, బోడే ప్లాట్లతో నిండిన ప్రశ్నపత్రంగానే మిగిలిపోతోంది. ఇది బాధాకరం. సముద్రం కనుచూపు మేరలో లేని చోట ఓడను ఉదాహరణగా తీసుకోవడం వింతగా తోచవచ్చు గానీ, ఈ సిద్ధాంతం ఏ చిక్కుల మధ్య పెరిగిందో తెలుసుకోవడానికి ఓడను మించిన చోటు లేదు. తప్పు కనబడిన ప్రతిసారీ దాన్ని సున్నాకు తేవడమే నియంత్రణ అన్న భావన తరగతి గదిలో బలంగా నాటుకుపోతుంది. నిజానికి ఈ విద్యలో సగం నైపుణ్యం దేని జోలికి పోకూడదో తెలుసుకోవడంలోనే ఉంది. ఓడ ఆ సంగతిని ఎవరూ కాదనలేనంత స్పష్టంగా చూపిస్తుంది.

ముందు ఓడ తత్వం తెలియాలి. చుక్కాని తిప్పగానే ఓడ తిరగదు. వేల టన్నుల బరువు మెల్లగా మలుపు అందుకుంటుంది; అందుకున్నాక అంత తేలికగా వదలదు. కేసీ కాలువ మీద పనిచేసినవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ పనికొచ్చేలా తవ్వించిన ఆ కాలువ, సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి సుమారు 300 కిలోమీటర్లు సాగి కడప చేరుతుంది. పైన గేటు ఎత్తితే ఆ నీరు చివరి ఆయకట్టుకు చేరడానికి రోజులు పడుతుంది. కింద నీరు అందడం లేదని కబురు రాగానే లస్కరు గేటు ఇంకాస్త ఎత్తి, కింద నీరు కనబడేదాకా దాన్ని దించకపోతే, మొదట ఎండిన పైరే ఆ తర్వాత మునుగుతుంది. ఓడ విషయంలో రోజుల బదులు నిమిషాలు, అంతే తేడా. దిశ ఎంత తప్పిందో మాత్రమే చూసి చుక్కాని పట్టేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే స్పందిస్తాడు.

అనుభవజ్ఞుడైన నావికుడు అలా చేయడని గమనించి, అతను చేసే పనిని సమీకరణంగా రాసినవాడు నికొలాస్ మినోర్‌స్కీ. రష్యాలో పుట్టి, అక్కడి నౌకాదళంలో చదువుకుని అమెరికా వెళ్లిన ఇంజనీరు ఆయన. 1922లో ప్రచురించిన పత్రంలో ఆయన తేల్చింది ఇది: మంచి నావికుడు మూడు విషయాలు ఒకేసారి చూస్తాడు. ఇప్పుడు దిశ ఎంత తప్పింది, ఎంత వేగంగా మారుతోంది, చాలాసేపటి నుంచి ఒకే వైపు తప్పుతోందా. మొదటిదానికి తగ్గట్టు చుక్కాని తిప్పుతాడు. రెండోదాన్ని బట్టి, ఓడ అనుకున్న దిశకు చేరకముందే చుక్కానిని ఎదురు తిప్పి మలుపుకు కళ్లెం వేస్తాడు. మూడోది గాలి ఒక పక్క నుంచి విడవకుండా తోస్తోందనడానికి గుర్తు. దానికి విరుగుడుగా చుక్కానిని కొద్దిగా ఓరగా ఉంచేస్తాడు. ఈనాడు పరిశ్రమల్లో ఎక్కడ చూసినా కనిపించే పీఐడీ (ప్రపోర్షనల్-ఇంటిగ్రల్-డెరివేటివ్) నియంత్రణకు పునాది ఈ పరిశీలనే. 1923లో న్యూ మెక్సికో అనే అమెరికన్ యుద్ధనౌక మీద చేసిన పరీక్షల్లో, ఈ సూత్రంతో చుక్కానిని తిప్పే యంత్రం మనిషి కంటే నిలకడగా దిశ పట్టింది. అయినా నౌకాదళం దాన్ని అప్పట్లో స్వీకరించలేదు. నడిపే సిబ్బందికి అది రుచించలేదు.

ఓడ స్వభావాన్ని రెండే సంఖ్యల్లో ఇమిడ్చి చూపించినవాడు జపాన్‌కు చెందిన కెన్సకు నోమోటో. 1957లో ఆయన ప్రతిపాదించిన నమూనా ఎంత సరళమంటే, అది ఇంతకాలం నిలవడమే ఆశ్చర్యం. చుక్కానిని ఒక డిగ్రీ తిప్పి వదిలేస్తే ఓడ చివరకు సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతుందన్నది మొదటి సంఖ్య. ఆ వేగాన్ని అందుకోవడానికి ఎంతసేపు పడుతుందన్నది రెండోది. లెక్క కోసం మొదటిది 0.05, రెండోది 50 సెకన్లు అనుకుందాం. చుక్కాని 10 డిగ్రీలు తిప్పితే ఓడ చివరకు సెకనుకు అర డిగ్రీ చొప్పున తిరుగుతుంది. 50 సెకన్లు గడిచేసరికి అందులో 63 శాతమే అందుకుంటుంది.

ఇప్పుడు ఈ ఓడను 20 డిగ్రీలు మళ్లించాలి. తప్పిన ప్రతి డిగ్రీకి ఒక డిగ్రీ చుక్కాని అన్న ఒక్క సూత్రంతో నడిపితే, ఓడ కోరిన దిశను దాటి మరో 7 డిగ్రీలు అవతలికి పోతుంది. తర్వాత వెనక్కి, మళ్లీ ముందుకు, ఒక్కో ఊపుకు మూడున్నర నిమిషాలు తీసుకుంటూ మెల్లగా కుదురుకుంటుంది. మినోర్‌స్కీ చెప్పిన రెండో విషయాన్ని జోడించి, సెకనుకు ఒక డిగ్రీ మలుపు వేగానికి 30 డిగ్రీల ఎదురు చుక్కాని చొప్పున కళ్లెం వేస్తే, దాటిపోయేది అర డిగ్రీ లోపే. ప్రశ్నపత్రంలో లెక్క ఇక్కడితో ముగుస్తుంది, పూర్తి మార్కులు పడతాయి.

సముద్రంలో మాత్రం అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రతి 8 సెకన్లకు ఒక అల తగిలి ఓడ ముక్కును అటో డిగ్రీ, ఇటో డిగ్రీ ఊపుతోందనుకుందాం. ఇది పెద్ద తుఫాను కాదు, మామూలు సముద్రమే. ఈ ఊపులో మలుపు వేగం గరిష్ఠంగా సెకనుకు సుమారు 0.8 డిగ్రీలు. దాన్ని 30తో హెచ్చిస్తే 24 డిగ్రీలు. అంటే ఇందాక అంత చక్కగా పనిచేసిన నియంత్రణే ఇప్పుడు చుక్కానిని ఎడమకు 24, కుడికి 24 డిగ్రీలు, 4 సెకన్లకోసారి, రాత్రింబవళ్లు కొట్టుకోమని ఆదేశిస్తుంది. చుక్కాని యంత్రానికి అంత వేగం ఉండదు. ఒక వైపు 35 డిగ్రీల నుంచి రెండో వైపు 30 డిగ్రీలకు 28 సెకన్లలో తిరగగలిగితే చాలన్నది అంతర్జాతీయ నౌకా భద్రతా ఒప్పందం పెట్టిన షరతు. సెకనుకు రెండు డిగ్రీల చిల్లర అన్నమాట. ఆ లెక్కన 4 సెకన్లలో అది కదిలేది 9 డిగ్రీలు, అడుగుతున్నది 48.

పోనీ, అంత వేగంగా తిరిగే యంత్రమే దొరికిందనుకుందాం. అప్పుడైనా ప్రయోజనం ఉందా? అదే నోమోటో నమూనాలో 8 సెకన్ల ఊపుకు లెక్క కడితే, 24 డిగ్రీల చుక్కాని ఓడ దిశను మార్చేది 0.04 డిగ్రీ. ఒక డిగ్రీ ఊపులో నాలుగు శాతం. దీనికోసం హైడ్రాలిక్ పంపులు వేడెక్కుతాయి, బేరింగులు అరుగుతాయి, పక్కకు తిరిగిన ప్రతిసారీ చుక్కాని నీటికి అడ్డుపడి ఇంధనం తినేస్తుంది. పైగా అల ఊపి వదిలేసిన ఓడ దానంతటదే పాత దిశకు వస్తుంది. ఈ తప్పును దిద్దడం అసాధ్యం, దిద్దకపోతే నష్టమూ లేదు. నౌకా నియంత్రణలో తర్వాతి అరవై ఏళ్ల పనిలో పెద్ద భాగం ఈ ఒక్క నిజం చుట్టూనే తిరిగింది.

చుక్కానిని తమంతట తామే తిప్పే పాత ఆటోపైలట్లలో దీనికి మోటు వైద్యం ఉండేది. ఒకటి రెండు డిగ్రీల లోపు తప్పును అసలు పట్టించుకోకుండా వదిలేసే మీట ఒకటి అమర్చేవారు. సముద్రం పోటెక్కే కొద్దీ నావికుడు దాన్ని పెంచుకునేవాడు. అలల గొడవ తగ్గేది గానీ, ఆ వెసులుబాటులోనే ఓడ మెల్లగా పక్కకు ఒరిగి, హద్దు దాటాక ఉలిక్కిపడ్డట్టు తిరిగి వచ్చి, మళ్లీ అవతలి హద్దుకు కొట్టుకునేది. వేగంగా ఊగే సంకేతాలను అడ్డుకునే మామూలు ఫిల్టర్ పెట్టడం ఇంకో మార్గం. కానీ అలాంటి ఫిల్టర్ అలను ఆపడంతో పాటు అసలు సమాచారాన్నీ ఆలస్యం చేస్తుంది. అసలే ఆలస్యంగా స్పందించే ఓడకు సమాచారమూ ఆలస్యంగా అందితే ఊగిసలాట తప్పదు.

ఆధునిక నియంత్రణ సిద్ధాంతం ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రచురించిన ఫిల్టర్‌కు అంతరిక్ష ప్రయోగాల వల్ల ఎక్కువ పేరొచ్చింది గానీ, నౌకల మీద దాని పనితనం చూడటానికి మరింత ముచ్చటగా ఉంటుంది. కంపాస్ చూపే సంఖ్యను అది యథాతథంగా నమ్మదు. లోపల మూడు చిన్న నమూనాలు నడుపుతుంది: ఓడ మెల్లని కదలికకు నోమోటో తరహా సమీకరణం, అలకు తనంత తాను ఊగే లోలకం లాంటి సమీకరణం, గాలి, ప్రవాహాల తోపుకు దాదాపు స్థిరంగా ఉంటూ నెమ్మదిగా మారే ఒక బలం. ఈ మూడూ కలిసి తర్వాతి క్షణంలో కంపాస్ ఎంత చూపాలో ముందే లెక్క కడతాయి. అసలు కంపాస్ చూపినదానికీ ఈ అంచనాకూ ఉన్న తేడాను మూడింటికీ తగిన పాళ్లలో పంచి, ప్రతి నమూనానూ కొద్దిగా సవరిస్తుంది. మళ్లీ అంచనా, మళ్లీ సవరణ.

కోరిన దిశ 90 డిగ్రీలు, కంపాస్ 91.3 చూపుతోంది అనుకుంటే, ఆ 1.3లో 0.9 అల వాటా, 0.4 నిజంగా దారి తప్పినది అని ఈ ఫిల్టర్ విడదీసి చెబుతుంది. చుక్కానికి ఆదేశం ఆ 0.4ను బట్టే వెళ్తుంది. అల వాటాను లెక్క కట్టి పక్కన పడేస్తారు. దాన్ని అంత శ్రద్ధగా అంచనా వేసేది దాని మీద చర్య తీసుకోవడానికి కాదు, దాన్ని గుర్తుపట్టి విడిచిపెట్టడానికి. అలకు విడిగా సొంత నమూనా ఉంది కాబట్టి మెల్లని కదలిక సమాచారం మామూలు ఫిల్టర్‌లో లాగా వెనకబడిపోదు. ఎవరూ నేరుగా కొలవని ప్రవాహ బలం కూడా ఇలాగే బయటపడుతుంది. ఓడ ముక్కు ఒక దిక్కు చూపిస్తూ, ఉపగ్రహాలు చెప్పే స్థానం మరో దిక్కుకు జరుగుతూ ఉంటే, ఆ తేడాలోంచి ప్రవాహాన్ని రాబట్టవచ్చు. కొలతలు కొన్నే ఉన్నా, వాటి వెనక దాగిన స్థితిని తెలుసుకోగలమా లేదా అన్న ప్రశ్నకు కాల్మన్ ఇచ్చిన కచ్చితమైన గణిత పరీక్షనే పాఠ్యపుస్తకాల్లో ‘అబ్జర్వబిలిటీ’ పేరుతో మాత్రికల లెక్కగా చేయిస్తారు. ఆ మాత్రికల్లో సముద్ర ప్రవాహం దాగి ఉందని ఒక్క వాక్యం చెబితే ఆ పాఠానికి ప్రాణం వస్తుంది.

వదిలేయడం ఎంతవరకు అన్నదానికీ లెక్క ఉంది. 1967లో కోయామా, 1972లో నార్బిన్ అనే పరిశోధకులు ఓడ ప్రయాణంలో అదనంగా ఖర్చయ్యే శక్తిని రెండు పద్దులుగా రాశారు. దారి తప్పి వంకరగా నడవడం వల్ల అయ్యేది ఒకటి, చుక్కాని తిప్పడం వల్ల అయ్యేది మరొకటి. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. రెండింటి మొత్తం ఎక్కడ కనిష్ఠమో అక్కడ ఆగడమే అత్యుత్తమ నియంత్రణ. రెండు పద్దుల మధ్య తూకం నిర్ణయించే సంఖ్య ఒకటి ఉంటుంది. రేవు దగ్గర ఇరుకు దారిలో ఒక విలువ, నడి సముద్రంలో ఇంకో విలువ. ‘ఆప్టిమల్ కంట్రోల్’ అన్న గంభీరమైన పేరు వెనక ఉన్నది ఈ ఇంధన లెక్కే.

ఇంకో ఇబ్బంది, పైన చెప్పిన రెండు సంఖ్యలూ స్థిరంగా ఉండవు. ఓడ వేగం సగానికి తగ్గితే చుక్కాని పట్టు సగమవుతుంది, స్పందన సమయం రెట్టింపవుతుంది. 20 డిగ్రీల మలుపులో అర డిగ్రీ లోపు దాటిన మన ఓడ, అదే అమరికతో సగం వేగంలో రెండున్నర డిగ్రీలు దాటుతుంది. సరుకు నిండినప్పుడు ఒక తీరు, ఖాళీగా ఉన్నప్పుడు మరో తీరు. వెడల్పుగా, బొద్దుగా ఉండే కొన్ని భారీ చమురు నౌకలైతే చుక్కానిని నడిమధ్యన ఉంచినా సూటిగా పోవు, వాటంతట అవే ఏదో ఒక వైపు మలుపులోకి జారుకుంటాయి. 1970ల్లో స్వీడన్‌కు చెందిన కార్ల్ యోహాన్ ఆస్ట్రోమ్ బృందం ఇలాంటి నౌకల మీదే, నడుస్తూ నడుస్తూ తన అమరికను తానే మార్చుకునే ఆటోపైలట్‌ను పరీక్షించింది. అడాప్టివ్ నియంత్రణకు అది గట్టి పరీక్షాస్థలమైంది.

చుక్కానితోనే ఓడ పక్కలకు ఒరగడాన్ని కూడా తగ్గించవచ్చన్న ఆలోచనకు గట్టి ఆధారమే ఉంది, కానీ దానికి ప్రకృతి గీసిన హద్దు ఉంది. చుక్కాని తిప్పగానే ఓడ మొదట మలుపు లోపలి వైపుకు ఒరుగుతుంది. కాసేపటికి బయటి వైపుకు వాలుతుంది. మొదటి కదలిక చివరి కదలికకు వ్యతిరేకం. ఇలాంటి వ్యవస్థలో ఒక తరహా ఊపును గట్టిగా అణచివేస్తే మరో తరహా ఊపు పెరగక తప్పదని బోడే సిద్ధాంతం చెబుతుంది. ఎంత తెలివైన ప్రోగ్రాం రాసినా దీన్ని తప్పించుకోలేదు.

మొదట్లో చెప్పిన డ్రిల్లింగ్ నౌకల విషయానికి వస్తే, మామూలు ఓడకు ప్రొపెల్లర్, చుక్కాని ఉంటాయి గానీ నేరుగా పక్కకు జరిగే సాధనం ఉండదు. ఒకే చోట నిలవాలంటే పక్కకు, చుట్టూ తోయగల థ్రస్టర్లు కావాలి. 1961లో కస్ 1 అనే నౌక నాలుగు థ్రస్టర్లతో, మనుషులే మీటలు కదుపుతూ, మెక్సికో తీరాన గ్వాడలూప్ ద్వీపం దగ్గర సుమారు 3,500 మీటర్ల లోతు నీటి మీద నిలిచి తవ్వింది. అదే ఏడాది యురేకా అనే నౌక ఆ పనిని స్వయంచాలకంగా చేసింది. అలకు ఎదురు తోసి థ్రస్టర్లు అరిగిపోయే సమస్య ఇక్కడ మరీ తీవ్రం. 1976లో నార్వేలో యెన్స్ బాల్కెన్ బృందం కాల్మన్ ఫిల్టర్‌తో మెల్లని కదలికను, అలల ఊపును విడదీసి చూపాక ఈ సాంకేతికత మరింత నిలదొక్కుకుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పరిశోధన నౌక సాగర్ నిధిలోనూ ఇలాంటి నిలుపుదల వ్యవస్థే ఉంది. ఒక యంత్రం పాడైనా నౌక చోటు తప్పకూడదన్నది రెండో తరగతి నిలుపుదల వ్యవస్థ షరతు. ఒక గది మొత్తం కాలిపోయినా, మునిగిపోయినా తప్పకూడదన్నది మూడో తరగతి షరతు. ఈ షరతులు సమీకరణాల కంటే వైరింగును, జనరేటర్లను ఎక్కువగా పరీక్షిస్తాయి.

ఈ విద్యకు సముద్రపు ఒడ్డున పుట్టాల్సిన అవసరం లేదు. కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, అనంతపురం జేఎన్‌టీయూ ల్యాబులోనో ఉన్న మామూలు కంప్యూటర్, ఉచితంగా దొరికే సైలాబ్ లేదా పైథాన్ చాలు. పైన ఇచ్చిన అంకెలన్నీ ఒక సాయంత్రంలో సరిచూసుకోవచ్చు. డీసీ మోటారు వేగాన్ని నిలబెట్టే ప్రయోగం పక్కన ఈ ఓడ లెక్కను కూడా చేయిస్తే, అధ్యాపకులకు అదనపు భారం పెద్దగా ఉండదు, విద్యార్థికి మాత్రం సబ్జెక్టు తీరే మారిపోతుంది. ఇక్కడ పట్టభద్రులైనవారు రేపు విశాఖలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో, ఓడ నమూనాలను కృత్రిమ అలల మీద పరీక్షించే కొలను ముందు నిలబడితే, పరీక్షించేది ఈ విషయాలనే.

సరిచూసుకోవడంతో ఆగకుండా ఇంకొక్క అడుగు వేయడం మంచిది. 8 సెకన్ల అల పొడవు సుమారు 100 మీటర్లు, వేగం సెకనుకు 12.5 మీటర్లు. ఆ అల వెనక నుంచి వస్తూ ఉంటే, ఓడ కూడా అదే దిశలో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే, అల ఓడను దాటేది సెకనుకు రెండున్నర మీటర్లే. అంటే 8 సెకన్లకు కాదు, 40 సెకన్లకోసారి ఊపు. ఈ అంకెను నమూనాలో పెట్టి చూస్తే, ఒక డిగ్రీ ఊపుకు చుక్కాని అడిగేది 5 డిగ్రీల లోపే. యంత్రం దాన్ని తేలికగా ఇవ్వగలదు. ఆ చుక్కాని ఓడ దిశను మార్చేది 0.2 డిగ్రీ: తీసిపారేయలేనంత ఎక్కువ, నమ్ముకోలేనంత తక్కువ. ఓడ ఇంకాస్త వేగం పెంచితే ఊపు 80 సెకన్లకు సాగి, అల ఏదో మలుపు ఏదో ఫిల్టర్‌కు విడదీయడం మరింత కష్టమవుతుంది. వెనక అలల్లో నావికులు ఆటోపైలట్ ఆపి చుక్కాని తామే పట్టుకునేది అందుకే. ఆ 0.2 డిగ్రీని దిద్దాలా, వదలాలా అన్నది కోయామా తూకంలో ఏ సంఖ్య వేస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంఖ్యను మార్చి మార్చి చూడటమే విద్యార్థి తర్వాత చేయాల్సిన ప్రయోగం.